కారు తరఫు

మా చెల్లి పెళ్ళిచూపులు మ్యూజియంలో జరిగాయి. ఆ టైముకి నేను బయట కానుగ చెట్టు కింద కారుకి కాపలా ఉన్నాను. ఈ రెండు ముక్కలూ చెప్పాక నిజానికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కాకపోతే నాకు జరిగిన ప్రతిదాన్నీ ఇంతవరకూ నలుగురికీ చెప్పి నవ్వించాను. జాకీ జారి బొటనవేలి గోరు ఊడిన సంగతి, నా పెళ్ళికి వస్తూ పురోహితుడి స్కూటర్ ఆగిపోతే పెళ్ళిబట్టల్లో నేనే వెళ్ళి కిక్కు కొట్టి ఎక్కించుకొచ్చిన సంగతి, అన్నీ. ఇదొక్కటే ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగంలో ఆగిపోతోంది. నోటితో కానిది చేత్తో అవుతుందేమోనని రాయడానికి కూర్చున్నాను.

నాది ఆటోనగర్లో కమాన్ కట్టల పని. లారీ కింద బరువంతా మోసే ఉక్కు పట్టీలుంటాయి కదా, అవి విరిగితే మార్చడం, కుంగితే కొలిమిలో కాల్చి మళ్ళీ వంపు తేవడం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న పోయాడు. బడి మానేసి షెడ్డులో చేరాను. చదువెందుకు ఆపేశావని ఎవరైనా అడిగితే, "ఆ చొక్కా నాకు చంకల్లో బిగుతైందండీ, విప్పేశా" అంటాను. అందరూ నవ్వుతారు. అక్కడితో ఆ ప్రశ్న అయిపోతుంది. దాని కోసమే ఆ జోకు తయారు చేసుకున్నాను.

అప్పటికి చెల్లి ఒకటో తరగతి. పొద్దున్నే దాన్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడి దగ్గర దించి, అటునుంచి అటే షెడ్డుకి పోయేవాణ్ణి. బడి దగ్గరపడే కొద్దీ దానికి ఏడుపొచ్చేది. ఆ ఏడుపు ఆపడానికి ఒక ఆట కనిపెట్టాను.

"నీ పెళ్ళిచూపులకి పెద్దమనిషిగా ఎవరే కూర్చునేది?"

"నువ్వు."

"వచ్చినోణ్ణి ఏం అడగాలి?"

"స్టెప్నీ మార్చడం వచ్చా అని."

"రాదంటే?"

"టీ ఇవ్వకుండా పంపెయ్యాలి!"

ఆఖరి మాట అరిచేది. ఆ అరుపుతో బడి గేటు వచ్చేసేది. అది పెద్దదై, కాలేజీకెళ్ళి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరినా ఈ ఆట మాత్రం పోలేదు. ఫోన్లో ఏ స్నేహితురాలి పెళ్ళి గురించో చెప్తుంటే, "వాడికి స్టెప్నీ వచ్చంటా?" అనేవాణ్ణి. "టీ ఇచ్చేశారన్నయ్యా, లేటైంది" అనేది.

నవ్వులాట పైకి అలా ఉన్నా, లోపల నేను దాన్ని నిజంగానే పట్టుకుని కూర్చున్నాను. తండ్రి లేని ఇంట్లో ఆ పెద్దమనిషి కుర్చీ అన్నయ్యదే. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగాక ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఇదండీ మా అమ్మాయి" అనాలి. అక్క పెళ్ళిచూపులప్పుడు నాకింకా మీసాలు సరిగ్గా రాలేదు కాబట్టి మా మేనమామ కూర్చున్నాడు. ఆయనా పోయాడు. నాకు యూనియన్లో పదవి లేదు, వీధిలో పదవి లేదు, ఇంట్లో టీవీ రిమోట్ మీద కూడా అధికారం లేదు. జీవితంలో రాబోయే పదవి అదొక్కటే.

అక్క పెళ్ళిచూపుల్లో జరిగింది కూడా చెప్పాలి. బావ అప్పుడు బిగుతు ప్యాంటేసుకొచ్చి, కాలు మీద కాలేసుకుని, "అమ్మాయికి పాటలు వచ్చా?" అనడిగాడు. కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నేను, "మీకు డాన్సు వచ్చాండీ?" అన్నాను. గది గదంతా నవ్వింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. సంబంధం కుదిరింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆ చెవుల ఎరుపు మాత్రం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. నన్నడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఇక అసలు సంగతి. ఒకరోజు చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ శనాదివారాలు వస్తున్నా. మన ఊరు చూద్దాం" అంది.

"చూసి చూసి కళ్ళు అరిగిపోయాయి కదే."

"ఏం చూశావ్? ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతున్నారు. భవానీపురంలో ఉండి ఉండవల్లి గుహలు చూడలేదు నువ్వు."

"బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగిన ప్రతిసారీ అటే చూస్తున్నా."

"అది చూడటం కాదు. కొండపల్లి ఖిల్లా, గుహలు, మ్యూజియం. అన్నీ నీకు నేను చూపిస్తా."

నీకు నేను చూపిస్తా అంది. నేను సైకిల్ మీద తిప్పిన పిల్ల నన్ను తిప్పి చూపిస్తానంటోంది. ఆ మాటకి నాకు ఎంత సంబరమేసిందో చెప్తే షెడ్డులోవాళ్ళు నవ్వుతారు. చెప్పాను, నవ్వారు. శనివారం పని పెట్టుకోకుండా డ్రైవర్లందరికీ, "రెండు రోజులు నేను టూరిస్టుని, విరిగినవాళ్ళు సోమవారం విరగండి" అని చెప్పేశాను. నల్లకళ్ళజోడు కూడా కొన్నాను.

శుక్రవారం రాత్రికి బావ గుడివాడ నుంచి కారులో దిగాడు. అక్క లేదు, పిల్లలు లేరు, ఒక్కడే. పిల్లలకి పరీక్షలంట. బీరువా తాళం పోయినా అక్క లేకుండా వెతకని మనిషి, పాత రాళ్ళు చూడటానికి ఒంటరిగా వచ్చాడు. అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు. కారు బావదే గాని మా ఊరి ట్రాఫిక్‌లో ఆయనకి చెమటలు పడతాయి. అందుకని ఎప్పుడొచ్చినా తోలేది నేనే.

శనివారం కొండపల్లి. ఘాట్ రోడ్డు మీద అమ్మ దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కూర్చుంది. పైన విరిగిన గోడలు, పైకప్పు లేని మహళ్ళు, కింద పచ్చగా అడవి. చెల్లి ప్రతి బోర్డూ గట్టిగా చదివి నాకు వినిపించింది. ఇది రాణిగారి మహల్ అంటే, "గుమ్మం ఇంత చిన్నదేంటే? రాజుగారు ఆలస్యంగా వస్తే తలొంచుకుని రావాలనా?" అన్నాను. ఇది అంగడి అంటే, "కొండెక్కి ఉప్పు కొనుక్కునేవాళ్ళంటే, ఇంట్లో ఆడవాళ్ళ మాటకి అప్పుడూ అంతే విలువన్నమాట" అన్నాను. చెల్లి నవ్వి నవ్వి ఫోటోలన్నీ కదిలించేసింది. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతగా నవ్వుతున్న పిల్ల కడుపులో అప్పటికే ఆ మాట ఉంది. నన్ను నమ్మించడానికి ఒక కోట మొత్తం చూపించారు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి మా ఆవిడ గ్రైండర్ ముందుంది. మినప్పిండి పెద్ద గిన్నె నిండా.

"ఇన్ని గారెలు ఎవరికే? వీధి వీధికీ పంచుతావా?"

"మిగిలితే పెరుగులో వేస్తాలెండి."

"నువ్వు రావా?"

"నాకెందుకండీ ఆ రాళ్ళు. ఇంట్లో మిమ్మల్ని చూస్తున్నా కదా."

మంచి జోకు అనుకుని మెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నా నుంచి కాస్తన్నా అబ్బిందని మురిసిపోయాను కూడా. చెల్లి పసుప్పచ్చ నేతచీర కట్టుకుని వచ్చింది. గుహలెక్కడానికి చీరేంటే అంటే, ఫోటోల్లో బాగుంటుంది అంది. బావ ఇస్త్రీ చొక్కా టక్ చేశాడు. నేనొక్కణ్ణే నల్లకళ్ళజోడుతో నిజమైన టూరిస్టుని.

ఉండవల్లిలో అమ్మకి మోకాళ్ళు సహకరించక బావని తోడుంచుకుని కింద చెట్టు నీడన కూర్చుంది. చెల్లి కూడా "నేను నిదానంగా వస్తా, నువ్వు పద" అంది. నేను పైకెక్కాను. లోపల చల్లగా, గబ్బిలాల వాసన. పెద్ద దేవుడు రాతిలో ఈ చివర నుంచి ఆ చివరకి పడుకుని ఉన్నాడు. పక్కన ఒక పెద్దాయన, తెల్లచొక్కా, చేతిలో గొడుగు, నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఇంత దేవుణ్ణి ఎలా చెక్కారండీ బాబూ" అన్నాడు నాతో.

"నిలబెడితే పైకప్పు తగులుతుందని పడుకోబెట్టేశారండీ" అన్నాను.

ఆయన ఫక్కున నవ్వాడు. ఎదుటివాడు అలా నవ్వితే నేనిక ఆగను.

"ఏ ఊరండీ తమది?"

"భవానీపురమండీ."

"అది కాదు, అసలూరు."

"అవనిగడ్డ దగ్గరండీ." ఊరిపేరు చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని ఆ ఊరి వీధుల్లో ఒకసారి తిరిగొచ్చాడు. "అక్కడ రైసుమిల్లు వాళ్ళు మీకేమవుతారు?"

"మేమేమీ అవ్వమండీ. మా వడ్లే వాళ్ళ మిల్లులో బియ్యం అవుతాయి."

మళ్ళీ నవ్వు. తర్వాత ఇంటిపేరు అడిగాడు. అమ్మవాళ్ళది ఏ ఊరు, మేనమామలు ఎంతమంది, నాన్నగారు ఎలా పోయారు, పొలం ఉందా అమ్మేశారా, ఇల్లు సొంతమా. ఇందులో నాకేమీ వింతగా అనిపించలేదు. మా వైపు ఇది మామూలు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి కండక్టరు టికెట్ కొట్టేలోగా మన ఇంటిపేరూ అత్తారి ఊరూ రాబట్టేస్తాడు. అడగనివాడే పొగరుబోతు. ఇంకెక్కడివాడైనా అయితే ఈ మనిషికి నా సంగతులెందుకు అనుకునేవాడేమో. కృష్ణాజిల్లా వాణ్ణి కాబట్టి, పాపం పెద్దాయనకి పొద్దుపోవట్లేదు అనుకున్నాను.

"ఇన్ని ప్రశ్నలు నా పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదండీ" అన్నాను చివరికి. "సంబంధం గానీ చూస్తున్నారా ఏంటి? నాకైపోయిందండీ, ఒక కొడుకు కూడాను."

ఆయన దేవుడి పాదాల పక్కన గోడ పట్టుకుని నవ్వాడు. పొలమారింది. వీపు నిమిరింది నేనే. నా సీసాలో నీళ్ళు తాగించింది నేనే.

తేరుకున్నాక కిందకి చూసి, "ఆ పసుప్పచ్చ చీర అమ్మాయి మీ చెల్లెలాండీ?" అన్నాడు. "నెమ్మదస్తురాల్లా ఉంది."

"ఇంత దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుందండీ. దగ్గరికెళ్తే మా షెడ్డులో కొలిమి నయం. వంటంటారా, అది పప్పు పెడితే కుక్కరు ఈల వెయ్యదు, ఏడుస్తుంది."

"అయితే చేసుకునేవాడు అయిపోయినట్టే."

"వాడికి స్టెప్నీ మార్చడం వస్తే చాలండీ, మిగతాది నేను చూసుకుంటా."

అదేంటని అడిగాడు. సైకిలూ, బడీ, టీ ఇవ్వకుండా పంపెయ్యడం, మొత్తం చెప్పాను. బాగా నవ్వాడు. నవ్వుతూనే, "మరి మీ చదువు?" అన్నాడు. చొక్కా బిగుతైన జోకు చెప్పాను. దానికి మాత్రం ఆయన నవ్వలేదు. గొడుగు పిడి చూసుకుంటూ, "అప్పటికి ఆ అమ్మాయికి ఎన్నేళ్ళు?" అన్నాడు. నాకెందుకో ఆ ప్రశ్న నచ్చింది. ఎవరూ అలా అడగలేదు ఇంతవరకూ. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపాను. "మళ్ళీ కలుద్దామండీ" అన్నాడు. ఊరికే అనే మాట అనుకున్నాను.

అక్కణ్ణుంచి మ్యూజియంకి. గేటు బయట రోడ్డు వార కానుగ చెట్టు కింద కారు ఆపాను. నేను దిగి కళ్ళజోడు సర్దుకుంటుంటే బావ అన్నాడు: "ఒరేయ్, ఇక్కడ బండి వదిలితే లాక్కుపోతారు. నువ్వు బండి దగ్గరుండు. మేం ఒక రౌండేసొస్తాం, తర్వాత నువ్వెళ్దువుగాని."

"లోపల పార్కింగు ఉండదా బావా?"

"ఉండదంట. కనుక్కున్నా."

నేను చెల్లి వైపు చూశాను. నీకు నేను చూపిస్తా అన్న మనిషి కదా. "దా అన్నయ్యా, బండికేమవుతుంది" అంటుందని చూశాను. అది చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. తలెత్తకుండానే, "తొందరగా వచ్చేస్తాం అన్నయ్యా" అంది. అమ్మ నా వైపు చూసి, బావ వెనకాల నడిచింది.

నేను చెట్టు కింద నిలబడ్డాను. మ్యూజియం గేటులోంచి ఇంకో కారు లోపలికెళ్ళింది. దానికి పార్కింగు దొరికినట్టుంది.

కాసేపటికి కారులో ఫోన్ మోగింది. చెల్లిది, చార్జింగు పెట్టి మర్చిపోయింది. తెర మీద ఆఫీసు అని ఉంది. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. కొంపలంటుకున్నాయేమోనని కారు తాళమేసి, టికెట్ కొనుక్కుని లోపలికి నడిచాను. హాలు గుమ్మం దగ్గర స్టూలు మీద కాపలా మనిషి కూర్చున్నాడు. నా చేతిలో ఆడపిల్ల ఫోను, నా కంగారు చూసి లేచి, మర్యాదగా అడిగాడు:

"మీరు అబ్బాయి తరఫా అండీ, అమ్మాయి తరఫా?"

నా నోరు నాకంటే ముందుంటుంది ఎప్పుడూ. "నేను కారు తరఫండీ" అనేశాను.

ఆయన నవ్వాడు. "ఆ చివర, నిలబడ్డ బుద్ధుడి దగ్గరున్నారండీ. ఆదివారం మాకిది మామూలే. హోటలైతే బిల్లు, గుడైతే తెలిసినవాళ్ళ కళ్ళు. ఇక్కడైతే టికెట్ కొనుక్కుంటే చాలు, ఎవరూ పట్టించుకోరు. రాళ్ళకేసి చూడకుండా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంటే ఇట్టే తెలిసిపోద్దండీ."

జోకు వేసేశాక అర్థమైంది నాకు, దేని మీద వేశానో.

లోపలికి చూశాను. బల్ల మీద అమ్మ, పక్కన బావ. ఎదురుగా ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన తెల్లచొక్కా, గొడుగు. కాస్త అవతల బుద్ధుడి ముందు చెల్లి, ఒక కుర్రాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం. ఇద్దరూ బుద్ధుడికేసి తిరిగి ఉన్నారు గాని ఒక్కళ్ళూ ఆయన్ని చూడట్లేదు. బావ గొంతు సవరించుకుని అంటున్నాడు:

"తండ్రి లేడన్న లోటు తెలియకుండా పెంచామండీ. అన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నా."

అమ్మ తలూపుతోంది.

నేను వెనక్కి తిరిగిపోదామనుకునే లోపల పెద్దాయన చూశాడు. "రండి రండి! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా" అన్నాడు.

బావ గబుక్కున లేచాడు. "మా బావమరిదండీ. ఆటోనగర్లో బిజినెస్సు. కారు దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలని..."

"మాకు పొద్దున్నే పరిచయమండీ, గుహల్లో" అన్నాడు పెద్దాయన.

బావ మొహంలో రక్తం మొత్తం దిగిపోయింది. ఈసారి చెవులతో సహా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వడానికి కాదు.

"పొద్దున్న గుహల్లోకి కూడా దీనికేనాండీ వచ్చింది?" అన్నాను నేను.

"ఊరికే... మీరటు వెళ్తున్నారని మా అబ్బాయి చెప్తే, ముందుగా ఒకసారి పలకరిద్దామని" అన్నాడాయన, గొడుగు పిడికేసి చూస్తూ.

నాకు పొద్దుటి నుంచీ ఆయన నవ్విన నవ్వులన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వాటిల్లో నా మాటకి నవ్వినవేవి, మా ఇంటి గుట్టు లాగడానికి నవ్వినవేవి? షెడ్డులో కమాన్ పట్టీ మీద సుత్తితో కొడితే మోగే మోత బట్టి లోపల పగులుందో లేదో చెప్పగలను. మనుషుల నవ్వు కూడా అలాగే తెలుస్తుందనుకునేవాణ్ణి. ఆ ఒక్క విద్యన్నా నాకుందనుకునేవాణ్ణి.

చెల్లి దగ్గరికెళ్ళి ఫోన్ ఇచ్చాను. "ఆఫీసు వాళ్ళు" అన్నాను. తలెత్తకుండా తీసుకుంది. ఆ కుర్రాడు నమస్కారం పెట్టాడు. పెట్టాను నేను కూడా. బయటికొచ్చి కారులో కూర్చున్నాను. బుద్ధుడి మొహం చూడనేలేదు.

ఇంటికి తోలుకుంటూ వస్తుంటే వెనక సీట్లో ఒకటే మాటలు. అబ్బాయి నిదానస్తుడు, ఆవిడ మంచావిడలా ఉంది, భోజనానికొస్తున్నారు. వెనకాలే వాళ్ళ కారు. అద్దంలో ఆ కారు కనిపించిన ప్రతిసారీ దారి చూపించేది నేనే కదా అనుకున్నాను. బావ మెల్లిగా అడిగాడు: "ఏం మాట్లాడావురా గుహల్లో?"

"దేవుడు ఎందుకు పడుకున్నాడో చెప్పా."

"ఇంకా?"

గేరు మార్చాను. ఇల్లు చేరేదాకా ఆయన చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన సరదా అదొక్కటే.

గుమ్మంలో అడుగుపెట్టగానే నూనె వాసన. వంటింట్లోకెళ్ళి మా ఆవిణ్ణి అడిగాను. "నీకు తెలుసా?"

గారె తిరగేసింది. "నిన్న మీ చెల్లి చెప్పింది."

"కొండపల్లి నుంచి రాగానే నీకు చెప్పిందన్నమాట" అన్నాను.

"మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుందండీ. నన్నేం చెయ్యమంటారు?"

అందరికీ వడ్డించాను. మారు మారు వెయ్యడం, వద్దంటే విస్తరి మీద చెయ్యడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వెయ్యడం, ఇవన్నీ మర్యాదకి చెయ్యాలి కాబట్టి చేశాను. జోకు మాత్రం ఒక్కటీ వెయ్యలేదు. నేను గరిటె పట్టుకుని దగ్గరికొచ్చిన ప్రతిసారీ అందరూ నా నోటికేసి చూశారు, బాంబుకేసి చూసినట్టు. పెద్దాయన గారె తుంచుతూ, "పొద్దున్న ఎంత నవ్వించారండీ" అన్నాడు. "అవునండీ" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక డాబా మీద బట్టలు తీస్తుంటే చెల్లి వచ్చింది. అప్పటికే చీర మార్చుకుని, మామూలు పిల్లై ఉంది.

"కోపమా అన్నయ్యా?"

"టూరు బాగుంది."

"అలా అనకు. చెప్తే నువ్వు సరదా చేస్తావని భయమేసింది. బావ కూడా అదే అన్నాడు. నాకు ఆ అబ్బాయి నచ్చాడు అన్నయ్యా. ఆఫీసులో తెలుసు. ఇది చెడిపోకూడదని..."

"నేను చెడగొడతానా?"

"చెడగొడతావని కాదు. నీకు సీరియస్‌గా ఉండటం రాదు కదా."

"ఉండమని ఎవరూ అడగలేదు కదే ఇంతవరకూ."

నా చేతిలో బట్టలు తీసుకోబోయింది. ఇవ్వలేదు.

"మరి ఊరు చూపిస్తానన్నావే? అబద్ధమా?"

"అది నిజమే. నిజంగా చూపిద్దామనే..." అంటూ ఏడ్చేసింది.

సైకిల్ మీదైతే ఏడుపు ఆపడానికి నా దగ్గర ఆట ఉండేది. ఇప్పుడూ నాలిక చివరికొచ్చింది, "నీ పెళ్ళిచూపులకి ఎవరే కూర్చునేది?" అని. మింగేశాను. ఆ ప్రశ్నకి జవాబు ఇప్పుడు వేరే.

సంబంధం కుదిరింది. కుదరడంలో నా పాత్ర ఏమీ లేదని నేననుకుంటే, అమ్మ ఒకరోజు చెప్పింది. ఆ పెద్దాయన, "అంత చేసి ఒక్క ముక్క గొప్ప చెప్పుకోలేదండీ మీ అబ్బాయి" అన్నాడట. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, నేను సంతోషిస్తానని. నాకది రెండో దెబ్బలా తగిలింది. గుహలో రాతిదేవుడి పక్కన ముక్కూమొహం తెలియని మనిషి నన్ను అంత తొందరగా పట్టేశాడు. ఇన్నేళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్నవాళ్ళు నాకు కారు కాపలా వేశారు.

తాంబూలాల రోజు మా ఇంట్లోనే. బావ తనే కుర్చీ లాగి, "ఇక్కడ నువ్వు కూర్చోవాలిరా, నీదే ఇది" అన్నాడు. కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా, కండువా. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు, నేను అడగాల్సినవీ చెప్పాల్సినవీ తనే అందించాడు. తలూపాను. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగారు. మా ఆవిడ టీలు తెచ్చింది. అబ్బాయి కప్పు నేనందుకుని చేత్తో పట్టుకున్నాను.

అప్పుడు ఆ కుర్రాడు ముందుకి వంగి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు: "బావగారూ, నన్నేదో అడగాలటగా మీరు. నేర్చుకున్నానండీ. మొన్న మా కారుకి రెండుసార్లు విప్పి బిగించాను." అరచెయ్యి చూపించాడు. బొటనవేలి కింద బొబ్బ ఉంది. నిజమైన బొబ్బే. నాకు తెలుస్తుంది.

గది గదంతా నావైపు తిరిగింది. బావ కూడా ఈసారి నవ్వడానికి తయారుగా పళ్ళు సిద్ధం చేసుకున్నాడు. లోపలి గది గుమ్మంలో కర్టెన్ పట్టుకుని చెల్లి నిలబడి ఉంది. దాని పెదాలు కదులుతున్నాయి. నేనడిగితే అరవడానికి ఆఖరి మాట సిద్ధంగా పెట్టుకుంది.

నేను కప్పు ఆ అబ్బాయి చేతికిచ్చాను.

"టీ చల్లారిపోతుందండీ, తీసుకోండి" అన్నాను.

కర్టెన్ వదిలేసి చెల్లి లోపలికి వెళ్ళిపోయింది.